ఎర్రమరకల చొక్కా

“ఆ చొక్కా మీద ఎర్రమరకలేంట్రా?”

పాండురంగారావు గద్దించేసరికి చుట్టూ మూగిన జనం ఈలలు ఆపేశారు. పోలయ్య ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. బాపట్లలో బయలుదేరి, రేపల్లె మీదుగా తెనాలి దాకా సాగిన సైకిలు పందెం అతను అప్పుడే గెలిచాడు. గెలిచాడంటే ఎంతలో గెలిచాడు? గుంపుగా దూసుకొచ్చినవాళ్ళ ముందు చక్రం తన వెనక చక్రాన్ని ముట్టుకుంటుందా అన్నట్టుండగా గీత దాటాడు.

“అది రేపల్లెలోనండి బాబుగారూ, ఎవరో...”

“రేపల్లెలో లారీ దొరికిందన్నమాట! వెనక గొలుసు పట్టుకుని వేలాడితే, డ్రైవరు ఊసిన కిళ్ళీ మీద పడక ఏమవుతుంది?”

జనం గొల్లుమన్నారు. పోలయ్య మొహం కందగడ్డయింది.

“లారీ ఏంటండి? తొక్కుకుంటూ వచ్చానండి. గంగమ్మ మీద ఒట్టు.”

పాండురంగారావు అనుమానానికి కారణం లేకపోలేదు. పోలయ్యది అడవులదీవి అనే పల్లె. చేపలతట్ట సైకిలుకి కట్టుకుని రోజూ రేపల్లెలో అమ్ముకునే మనిషి. వెనకున్న ఇనప క్యారియరైనా విప్పకుండా పందేనికి వచ్చాడు. ఆరితేరినవాళ్ళు గుంపులో ఒకరి చాటున ఒకరు గాలి తప్పించుకుంటూ వచ్చి, ఆఖర్న ఒక్కసారిగా విజృంభిస్తారు. ఇతనేమో చేపలు మురిగిపోతున్నట్టు బాపట్ల దాటకముందే ఒంటరిగా ముందుకురికాడు. అరవై ఎనిమిదో సంవత్సరం నాటి ఆ మండుటెండల్లో, ఎదురుగాలిలో, అలాంటివాడు సగం దారిలో చతికిలబడాలి. పడలేదు. అదే పాండురంగారావుకి మింగుడుపడటం లేదు.

అతనిది తెనాలిలో సైకిళ్ళ దుకాణం. గెలిచినవాణ్ణి సైకిళ్ళ కంపెనీవాళ్ళు నెలజీతమిచ్చి తమ పందెపు జట్టులో చేర్చుకుంటారు. ఫలానావాడని చెప్పి పంపాల్సింది తనే. దొంగని పంపితే కంపెనీ దగ్గర తన పరువు పోయినట్టే. పైగా రెండోవాడిగా వచ్చింది సొంత బావమరిది ప్రకాశరావు. ఆ ఉద్యోగమేదో అతనికే వస్తే బాగుండునని లోలోపల లేకపోలేదు. అందుకని తన అనుమానం మీద తనకే కాస్త అనుమానంగా కూడా ఉంది.

“నువ్వు చెప్పవోయ్, దారిలో ఇతను కనిపించాడా?”

ప్రకాశరావు తెల్లచొక్కా కాలరు సర్దుకున్నాడు. అతని వెనకున్న జట్టంతా తెల్లచొక్కాలే.

“చెరుకుపల్లి దాకా దూరంగా కనపడ్డాడు బావా. ఆ తర్వాత మాయం. మళ్ళీ తెనాలి పొలిమేరలోనే చూడటం.”

“అవునండి. మధ్యలో మా కంటపడితే ఒట్టండి,” అన్నారు మిగతావాళ్ళు ఒకే గొంతుతో.

వెంట వెళ్ళిన జీపు రేపల్లె చేరకముందే, తెనాలికి ఇంకో దారి చీలే చెరుకుపల్లిలోనే మొరాయించింది. చూసి చెప్పేవాళ్ళు లేరు. పాండురంగారావు అందర్నీ ఎగాదిగా చూశాడు. పోలయ్య కాళ్ళు వణుకుతున్నాయి. తప్పు చేసినవాడికి వణకవా మరి? ప్రకాశరావు జట్టేమో ఇంకో ఊరికి పొమ్మన్నా పోయేలా ఉంది. సాధన అంటే అదీ అనుకున్నాడు.

“రేపల్లెలో మజ్జిగ పోసిన అమ్మగార్ని అడగండి బాబుగారూ,” అన్నాడు పోలయ్య. “ఈ ఉద్యోగం వస్తే మా అమ్మ నెత్తిమీద తట్ట దించుద్దండి. దొంగతనంగా గెలిచి ఆవిడకేం మొహం చూపిస్తానండి?”

“అడుగుతాను. పందెగాళ్ళకి మజ్జిగ పొయ్యమని నేను పురమాయించిన మా అక్కయ్యే ఆవిడ. సాయంత్రం బండికి వస్తోంది. అందాకా కప్పు ఎవరికీ లేదు.”

ప్రకాశరావు బావని పక్కకి లాగాడు.

“పోనిద్దూ బావా. వదినగార్ని ఇందులోకి లాగటమెందుకు? బీదవాడు, కప్పు అతనికే ఇచ్చెయ్యి.”

పాండురంగారావు మనసు కరిగిపోయింది. ఓడిపోయి కూడా ఎంత పెద్దమనసు! ఇలాంటివాడి నోటిదగ్గర కూడు లాక్కుంటాడా ఆ పోలయ్య? కోపం ఇంకాస్త పెరిగింది.

సాయంత్రం రేపల్లె ప్యాసింజరు వచ్చే వేళకి పందెగాళ్ళందర్నీ వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళాడు. తలనొప్పి అంటున్నా వినకుండా ప్రకాశరావునీ లాక్కెళ్ళాడు. నిజం తేలేది అతని మంచికే కదా.

సుబ్బరత్నమ్మ రైలు దిగింది. గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వాలన్నా పెళ్ళి చేసినంత హడావిడి చేసే మనిషి. పోలయ్యని చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

“ఇడుగో నా పెళ్ళికొడుకు! గెలిచాడా తమ్ముడూ?”

“నీకెలా తెలుసక్కా ఇతను?”

“తెలియకేం? వట్టి మజ్జిగ పోస్తే ఏం ముచ్చటని, పసుపూ సున్నమూ కలిపి గంగాళం నిండా వసంతం చేసి పెట్టాను. రాగానే చెంబుడు కుమ్మరించాను. ఎంత సిగ్గుపడ్డాడనీ! మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి, సైకిలెక్కి తుర్రుమన్నాడు.”

ఆవిడ అరచేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కిళ్ళీ కాదు, లారీ కాదు. పదిమందిలో ఆ మనిషిని అన్న మాటలన్నీ గుర్తొచ్చి పాండురంగారావు సిగ్గుతో చచ్చిపోయాడు. వెళ్ళి పోలయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“తప్పయిపోయింది తమ్ముడూ. కప్పూ నీదే, ఉద్యోగమూ నీదే.”

పోలయ్య ఆ మరకల చొక్కాతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

పాండురంగారావుకి గుండెల మీంచి బరువు దిగింది. ప్రకాశరావు భుజం మీద చెయ్యి వేసి, అక్కని మేలమాడాడు.

“అయినా మర్యాద ఒక్కడికేనా అక్కా? మావాళ్ళేం పాపం చేశారు, వీళ్ళ మీద ఒక్క చుక్క పొయ్యలేదు?”

సుబ్బరత్నమ్మ ఆ తెల్లచొక్కాల వంక వింతగా చూసింది.

“వస్తే కదరా పొయ్యడానికి!”