తెర పక్క స్టూలు

“నాకిదే ఆఖరు, కాలిన్. వచ్చే ఏడు ఇంకెవర్నైనా చూసుకోండి,” అంది నోరీన్, సుత్తితో సెట్టు గోడ మేకు పీకుతూ.

ఆస్ట్రేలియాకి దక్షిణాన టాస్మేనియా దీవిలో ఆ చిన్న ఊరి సంగీత నాటక సమాజానికి ఫిబ్రవరిలో పాత్రల ఎంపిక, అక్కడి జూన్, జూలై చలికాలమంతా రిహార్సళ్ళు, ఆగస్టులో ఆటలు. ఆఖరి ఆట మర్నాడు సెట్టు అందరూ కలిసి విప్పాలి. ఈసారి వచ్చింది ముగ్గురే.

“ఏమైందిప్పుడు?” అన్నాడు కాలిన్. అరవై దాటినా హీరో వేషం అతనిదే.

“ఈ స్టూలు మీద కూర్చుని నడుం పడిపోయింది. నువ్వేమో ప్రతి ఆటలోనూ రెండో చరణం దగ్గర నోరెళ్ళబెట్టి నిలబడతావు. తెర చాటునుంచి మాట అందించలేక చస్తున్నా.”

పియానో వాయించే టామ్సిన్ నవ్వింది. “మొన్న మీకు జ్వరమొచ్చి రాని రోజు ఈయన ఎక్కడా ఆగకుండా పాడేశారుగా!”

నోరీన్ చేతిలో సుత్తి ఆగింది. “అంటే, నాలుగేళ్ళుగా నాతో ఆటలాడుతున్నావా?”

కాలిన్ తలెత్తలేదు. “నాలుగేళ్ళ కిందట, మీ ఆయన పోయిన ఏడు నువ్వెవరితోనూ మాట్లాడలేదు. వచ్చి ఆ చీకట్లో కూర్చుని వెళ్ళిపోయేదానివి. ఒక్క మాటైనా అంటావేమోనని పాట మధ్యలో ఆగాను. తరవాత... అలవాటైపోయింది.”

నోరీన్ సగంలో ఆగిన మేకును పీకి పక్కన పడేసింది. తరవాత స్టూలును కాలితో అతని వైపు నెట్టింది.

“ఫిబ్రవరికల్లా దీనికి మెత్తటి దిండు కుట్టించు.”