ఆయిల్ కలిపే చెయ్యి

మెకానిక్ చెట్లు కోసే రంపం మిషను విప్పి పిస్టన్ బయటికి తీసి, గీతలు పడ్డ వైపు మొగుడూ పెళ్లాలిద్దరికీ చూపించాడు.

"ఇంజన్ పట్టేసింది. ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోశారు. ఇరవై ఏళ్లుగా చెట్లు కోస్తున్నావు, నువ్వు చేసే పొరపాటేనా ఇది?"

చెట్లు కోసేవాడు భార్య వైపు చూడలేదు. "మర్చిపోయుంటాను. మతిమరుపొచ్చింది," అన్నాడు.

"బాగుచేయాలంటే సామాను రావడానికే నెల పడుతుంది. నా దగ్గర పాతదే ఇంకో మిషనుంది, ఇప్పుడే పట్టుకుపోవచ్చు. నన్నడిగితే దీన్ని వదిలెయ్."

"దీన్నే బాగుచెయ్యన్నా," అంది భార్య. "చేతికి అలవాటైన మిషను. నెలేగా, ఆగుతాం."

"ఎందుకు చెల్లెమ్మా, దండగ."

"దండగైతే అయింది. ఈ నెలన్నా ఇంటిపట్టున ఉంటాడు."

భర్త ఆ రెండో మిషను దింపించి తాడు లాగాడు. రెండోసారి లాగేసరికి ఇంజన్ అందుకుంది. షాపంతా పొగ నిండింది. ఆమె ముఖం తిప్పుకుంది.

మిషను భుజానికెత్తుకుని అతను మెట్లు దిగాడు. పోయిన నెల కొమ్మ మీంచి పడ్డప్పటి నుంచి ఎడమకాలు ఈడుస్తూనే నడుస్తున్నాడు. ఆమె, రోజూ పొద్దున్నే తనే ఆయిల్ కలిపి అతని చేతికందించే పెట్రోలు డబ్బా పట్టుకుని వెనకాలే వచ్చింది.

బండి దగ్గర అతను ఆగి, ఆ డబ్బాని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"నాకు ఇంకో పని రాదే," అన్నాడు. "రేపట్నుంచి ఆయిల్ నేనే కలుపుకుంటాలే."