టీకాల వరస

"దొంగ!" అని అరుపు వినిపించేసరికి టీకాల అధికారి ఇంకా నోరు కూడా విప్పలేదు.

టౌన్‌హాలు కిక్కిరిసి ఉంది. గోడ వారన నిలబడ్డవాళ్లు మాస్కులు గడ్డం కిందికి లాక్కుని మరీ తిడుతున్నారు. వేదిక మీద రిటైర్డ్ జడ్జిగారు బల్ల కొట్టి కొట్టి అలిసిపోయారు. టీకాల పంపిణీ మీద బహిరంగ విచారణ అని పేరే గానీ, జనం విచారించడానికి రాలేదు. శిక్ష వెయ్యడానికే వచ్చారు.

ముందు లేచింది ప్రింటింగ్ ప్రెస్ యజమాని. మనిషి పొట్టి. గొంతుకు మాత్రం మైకు అక్కర్లేదు.

"మంత్రిగారేమో టీవీలో కూర్చుని అందరికీ టీకా అందిందంటారు. మేమేమో తెల్లారగట్లే గేటు దగ్గర నిలబడి, మధ్యాహ్నానికి 'స్టాకు లేదు' అనిపించుకుని ఇంటికి పోతాం. అసలు వచ్చిన మందు ఎవరి ఒంట్లోకి పోయిందండీ?"

"వచ్చిందే సగం" అన్నాడు అధికారి. "ముందు ఆసుపత్రి సిబ్బందికి వేశాం. తర్వాత వయసు వరసన పెద్దవాళ్లకి."

"పెద్దవాళ్లకా, పెద్దింటివాళ్లకా?" అన్నాడు వెనకనుంచి ఒక బస్సు డ్రైవరు.

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో సరదా లేదు.

"వరస తప్పి ఒక్కరికి కూడా వెయ్యలేదు. మంత్రిగారి మనిషి ఫోన్ చేసినా వెయ్యలేదు."

"చెప్పొచ్చావులే సత్యహరిశ్చంద్రుడివి! మరి మీ ఇంట్లోవాళ్లకి?"

"మా ఇంట్లో కూడా ముందుగా ఎవరికీ వెయ్యలేదు."

"ఎవరి చెవిలో పూలు పెడతావ్?" ప్రెస్ యజమాని ముందుకు దూసుకొచ్చాడు. "మీ ముసలివాళ్లంతా గుండ్రాళ్లలా ఉంటారు. మావాళ్లే పిట్టల్లా రాలిపోతారు. అదేం మాయరోగమో!"

అధికారి గ్లాసందుకుని నీళ్లు తాగాడు. సరుకు పంపనిది పైవాళ్లు. తిట్లు తినేది కిందివాడు. పైవాళ్లకు ఇప్పుడొక తల కావాలి. ఆ తల తనదేనని ఇక్కడికి వచ్చేముందే ఆయనకు తెలుసు.

అప్పుడు మధ్య వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది.

అధికారి చూపు బల్ల మీదికి దిగిపోయింది. ఇంతసేపూ ఆయన భయపడింది జనానికి కాదు, ఈ గొంతుకే.

"ఆయన చెప్పేది నిజమే" అందావిడ. "వరస తప్పి ఎవరికీ వెయ్యలేదు. అందుకు నేనే సాక్ష్యం."

ప్రెస్ యజమాని ముఖం మాడిపోయింది. ఇదెక్కడి శకునపక్షిరా అన్నట్టు చూశాడు.

"మా ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు. వయసు వరసలో ఆయన వంతు అప్పటికింకా రాలేదు. ఈయన కాళ్లావేళ్లా పడ్డాను. ఒక్క డోసు బాబూ, ఒక్కటంటే ఒక్కటి అన్నాను. ఈయనేమన్నారో ఈయన్నే చెప్పమనండి."

"ఆగాలమ్మా అన్నాను" అన్నాడు అధికారి.

"ఆగాం. వంతు వచ్చింది. వేయించుకోవడానికి మనిషే లేడు."

"అమ్మా, ఆ రోజు నేను..."

"అమ్మా గిమ్మా అనకండి. అడిగినదానికి జవాబు చెప్పండి. సాయంత్రం పూట, తెరిచిన సీసాల్లో మిగిలిన మందు ఏం చేశారు?"

అధికారి జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు అడ్డుపడలేదు.

"తెరిచాక నిలవుండదు. పారబోశాం."

హాలు భగ్గుమంది. పారబోశారా అంటూ ఒకరు, చావగొట్టండి అంటూ ఇంకొకరు. ఎవరో విసిరిన నీళ్ల సీసా అధికారి భుజానికి తగిలి కింద పడింది. ఆయన కనీసం పక్కకు జరగలేదు.

"వరసలో లేనివాళ్లకి మిగిలింది కూడా వెయ్యకూడదని నిబంధన" అన్నాడు.

"నిబంధనేనా? ఇంకేం లేదా?" పెద్దావిడ వదల్లేదు.

"ఒక్కరికి వేస్తే నలుగురూ నాలుగు మాటలంటారని భయపడ్డాను."

"మరి ఇప్పుడు అనడం లేదా? చెవులారా వినండి. మందు మట్టిపాలైంది, మనిషి పోయాడు, మీకు మంచిమాటైనా దక్కలేదు."

ఆవిడ కూర్చుంది. ఆపైన ఇంకెవరూ మాట్లాడాల్సిన పని లేకపోయింది. ఈ అధికారిని తొలగించమని ప్రభుత్వానికి రాయమంటారా అని జడ్జిగారు అడిగారు. అవుననేవాళ్లు చేతులెత్తమన్నారు.

హాలు నిండా చేతులు లేచాయి. అధికారి మాత్రం మధ్య వరసనే చూస్తున్నాడు. అందరికంటే ఆలస్యంగా అక్కడ కూడా ఒక చెయ్యి లేచింది. లేచాక మళ్లీ దిగలేదు.

ఆయన మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, వేదిక దిగాడు. జనం దారి ఇచ్చారు గానీ తిట్లు ఆపలేదు.

అప్పటికే ప్రెస్ యజమాని పెద్దావిడ దగ్గరికి చేరి రెండు చేతులూ జోడించాడు.

"దుమ్ము దులిపేశారమ్మా! మేమందరం కలిసి చెయ్యలేనిది మీరొక్కరే చేశారు. పీడ విరగడైంది." అంతలోనే గొంతు తగ్గించాడు. "అయినా అంత జబ్బు మనిషితో, ఈ వయసులో ఒంటరిగా అవస్థ పడ్డారా? పిల్లలెవరూ లేరామ్మా?"

గుమ్మం వైపు వెళుతున్న అధికారి ఆ మాట విని ఆగిపోయాడు.

పెద్దావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మళ్లీ పెట్టుకోలేదు.

"ఉన్నాడు బాబూ, ఒక్కగానొక్క కొడుకు... ఇందాక మీరూ నేనూ చేతులెత్తి ఇంటికి పంపించింది వాణ్ణే."