కొండను చూసే ఇల్లు

గృహప్రవేశం భోజనాల మధ్యలో కొండ పేలిన శబ్దానికి కిటికీ అద్దాలు అదిరాయి.

భువన ఎంగిలి చేత్తోనే లేచింది. కృష్ణగిరి కొండగాలి ప్రతి గదిలోకీ వచ్చేలా, ఒక్క గుండురాయినీ కదల్చకుండా ఈ ఇంటిని గీసింది ఆమే. ఆర్కిటెక్టుగా ఆమెకిది తొలి ఇల్లు.

"ఏం సద్దప్పా అది?" అని ఇంటి యజమాని సుబ్బరాయప్పను అడిగింది.

"మన క్వారీనేమ్మా. ఈపొద్దే మొదలుపెట్టినాము."

"కొండంటే ప్రాణమన్నారే! ఊరోళ్ళు ఎట్ల ఒప్పుకొన్నారు?"

ఆయన నవ్వుతూ గోడ నిమిరాడు.

"ముందు యాడ ఒప్పుకొన్నారు? ఈ ఇల్లు చూసినంకనే గ్రామసభలో చేతులెత్తినారు. కొండను చూసుకొనేకి ఇంత ఇల్లు కట్టుకొన్నోడు దాన్ని పగలగొడతాడా, ఏదో ఒక మూల తవ్వుకొంటాడులే అనుకొన్నారు. అంతా నీ పుణ్యమే తల్లీ! కూర్చో, ఇంకో ఒబ్బట్టు తిను."