టీ ఆకుకు పట్టిన వాసన

సరస్వతమ్మ టీ డబ్బా మూత తీసి, తమ ఇంట్లో బాడుగకున్న కదిరమ్మ ముక్కు కింద పెట్టింది.

"చూడు. ఇది టీ వాసనేనా?"

కదిరమ్మ అబద్ధమాడే మనిషి కాదు. "కాదక్కా. ఏదో మసాలా వాసన వస్తాండాది" అంది.

"కోడికూర వాసన అను. నోరు రాలేదా?"

పెనుకొండ మొత్తానికి టీ ఆకు దాచడం తెలిసిన ఆడది తానొక్కతేనని సరస్వతమ్మ నమ్మకం. గాజు సీసాలో పోసేవాళ్ళు మొద్దులు, వెలుతురుకు ఆకు చస్తుంది. పొయ్యి పక్కన పెట్టేవాళ్ళు అంతకన్నా మొద్దులు. ఇంగువ పక్కన పెట్టేవాళ్ళ ఇళ్ళలో ఆమె టీ తాగడమే మానేసింది. తన ఆకు మాత్రం ఎండలో ఆరబెట్టిన రేకు డబ్బాలో, మూత కింద ఉతికిన గుడ్డ మడతతో, చీకటి గూట్లో ఉండేది.

ఆకు తెచ్చేది మొగుడు అశ్వత్థనారాయణ. ఆయనకు బజారులో చిల్లర అంగడి. సరుకు కోసం శనివారం శనివారం హిందూపురం పోయి, ఇంటికని మేలురకం ఆకు పొట్లం కట్టించి చేతిసంచిలో పెట్టుకొచ్చేవాడు. ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ తడేనని పొట్లం తనే విప్పి డబ్బాలో పోసేవాడు. ఆఖరికి ఆ సంచి కూడా తనే ఉతుక్కునేవాడు, అంత శుభ్రం. పైగా శనివారం ఒక్కపొద్దు. హిందూపురం నుంచి వచ్చాక మజ్జిగ కూడా ముట్టకుండా చాప మీద ఒరిగేవాడు. అలాంటి మొగుడు ఎంతమందికి ఉంటాడని సరస్వతమ్మ వీధంతా చెప్పుకునేది.

ఆకులో వాసన వస్తోందని ఆమె మొదటిసారి అన్నప్పుడు అశ్వత్థనారాయణ డబ్బాలోకి చూడను కూడా చూడలేదు. గోడ వైపు చూశాడు. గోడ అవతల బాడుగకు ఉండేది కదిరమ్మా, ఆమె మొగుడు కండక్టరు ఏసురత్నమూ.

"టీ ఆకు పక్కన ఏముంటే దాని వాసన లాక్కుంటాది. ఆ చర్చివాళ్ళను పక్కన పెట్టుకుంటే ఇంకేం వాసన వస్తాది?" అన్నాడు.

సరస్వతమ్మ డబ్బాను గూట్లోంచి పడకగదికి మార్చింది. మళ్ళీ వారం అదే వాసన. రెండు గోడలు దాటివచ్చే కూర లోకంలో ఎక్కడైనా ఉంటుందా అని ఆమెకు తోచలేదు. ఎదుటివాళ్ళను చూసి ముక్కు మూసుకోవడం అలవాటైతే బుర్ర కూడా దాంతోపాటే మూసుకుంటుంది. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పడానికే ఇప్పుడు డబ్బా పట్టుకొచ్చింది.

"మాకిప్పుడు ఉపాసదినాలక్కా" అంది కదిరమ్మ. "ఈస్టరు దాకా మాంసం ఇంట్లోకే తేము. పొయ్యి మీద పప్పుండాది, వచ్చి చూసుకో."

సరస్వతమ్మ నవ్వింది. "మీకూ ఉపాసాలా? ఉపాసమంటే ఏందో మా ఆయన్ని చూసి నేర్చుకోండి. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుండాది నీ మాట."

కదిరమ్మ గొంతు తగ్గింది. ఆ ఊళ్ళో పేరు చెప్పగానే వాళ్ళకు తలుపు వేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. "పాపకు పదో తరగతి పరీక్షలక్కా. అవి అయ్యేదాకన్నా ఉండనీ. ఇప్పుడు మా అమ్మోళ్ళ ఊరు గోరంట్లకు పోతే రోజూ బస్సుల్లో వచ్చి రాయాల."

"మీ పాప పరీక్షలకని మా టీ చెడగొట్టుకోమంటావా?"

ఆ శనివారం పొద్దున సామాను ఆటోకెక్కింది. మూటల మధ్య కూర్చున్న పిల్ల ఒళ్ళో పుస్తకం తెరిచే ఉంది. ఏసురత్నం తాళంచెవి ఇస్తే సరస్వతమ్మ చేత్తో అందుకోలేదు, అరుగు మీద పెట్టమంది.

వాళ్ళు పోగానే ఆ గదుల్లో పసుపునీళ్ళు చల్లింది. పాత ఆకు పెంటలో పారబోసి, డబ్బాను చింతపండుతో తోమి సాయంత్రం దాకా ఎండబెట్టింది. ఎదురింటి నరసమ్మను పిలిచి, రేపు పొద్దున వస్తే అసలైన టీ తాగిస్తానంది.

అశ్వత్థనారాయణ ఊరి నుంచి వచ్చి గడపలో కాలు పెట్టాడో లేదో, సరుకు బండి వచ్చిందని అంగడి నుంచి పిలుపు. సంచి కొక్కేనికి తగిలించి అట్నుంచి అటే పోయాడు.

సరస్వతమ్మకు ఆగే ఓపిక లేదు. చేతులు పొడిగా తుడుచుకుని, సంచిలోంచి పొట్లం తీసి, డబ్బా మీద విప్పింది. కమ్మని వాసన కోసం తల వంచింది.

అదే కోడికూర వాసన.

గోడ వైపు చూసింది. అవతల ఎవరూ లేరు. డబ్బా వైపు చూసింది. అందులో ఇంకా ఒక్క ఆకు పడలేదు. కొక్కేనికున్న సంచి తీసుకుని నేలమీద బోర్లించి దులిపింది. నూనె మరకల కాగితం ముద్ద ఒకటి జారి విచ్చుకుంది.

నమిలిన కోడి ఎముకొకటి కిందపడింది.