సాయంత్రం సున్నా

"ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన బిర్యానీ బాగుందా సార్?"

శాంతికుమార్ బండికి స్టాండు వెయ్యకముందే సూసన్ అడిగిన మొదటి మాట అది. ఆమె చంకలో పిల్ల దగ్గుతోంది. శాంతికుమార్ ముఖం కందగడ్డ అయింది. కాలుష్యం ఆఫీసులో చేరినప్పటి నుంచీ ఏ ఫ్యాక్టరీలోనూ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి అతను.

"అలా మాట్లాడకమ్మా. మెషిన్ పెట్టించింది నేనే. అది సున్నా చూపిస్తే నేనేం చెయ్యను?"

"పగలంతా ఏదో ఒక అంకె చూపిస్తానే ఉంటది. సాయంత్రం ముక్కు పగిలిపోయే వాసన వస్తంటే మాత్రం సున్నా! కంచే చేను మేస్తంటే ఇంకెవరికి చెప్పుకోవాలి సార్?"

మొన్నటిదాకా ఎంత విషం గాల్లోకి వదిలారో ఫ్యాక్టరీవాళ్ళే లెక్కకట్టి పంపేవారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుండేది. ఇప్పుడు రూలు మారింది. ఫ్యాక్టరీకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇంటిమీద మెషిన్ పెట్టాలి. దాని అంకె సరాసరి ఆఫీసుకీ, శాంతికుమార్ ఫోన్‌కీ చేరాలి. జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్యనున్న ఈ మందుల ఫ్యాక్టరీకి దగ్గరిల్లు సూసన్ వాళ్ళమ్మ బేబిది. పరీక్షకిచ్చిన గడువు ఇవాళ్టితో సరి. ఈ సాయంత్రం కూడా సున్నా వస్తే, ఇక్కడి గాలి శుభ్రంగా ఉందని రాసి, మెషిన్ విప్పుకుపోవాల్సిందే. ఆ తర్వాత సూసన్ ఎంత మొత్తుకున్నా నమ్మేవాడుండడు.

"ఇవాళ వాసన వచ్చేదాకా కదలను. వాళ్ళేం మాయ చేస్తున్నారో నేనూ చూస్తా," అన్నాడు.

"చూడండి. మా నాన్నని మింగింది చాల్లేదు దానికి. ఇప్పుడు దీనిమీద పడింది," అంటూ సూసన్ పిల్ల వీపు రాసింది.

గోడమీద సూసన్ నాన్న ఏసురత్నం ఫోటో ఉంది. ఒంటిమీద ఫ్యాక్టరీ ఖాకీ చొక్కా, ముఖాన చిన్న నవ్వు. ఊపిరితిత్తులు పాడై, పోయినేడాదే కన్నుమూశాడు.

బేబి ఈ గొడవలో తలదూర్చలేదు. శాంతికుమార్‌కి కుర్చీ వేసి, "టీ తాగుతారా బాబూ?" అంది. వద్దంటే మళ్ళీ బలవంతపెట్టలేదు. పొద్దు వాలుతుంటే ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుంది. పొయ్యిమీంచి వేణ్ణీళ్ళు దించి, పెరట్లో బకెట్లో పోసి, పక్కన సబ్బుబిళ్ళ పెట్టింది.

"ఎవరికమ్మా నీళ్ళు?" అనడిగాడు శాంతికుమార్.

"డ్యూటీ దిగే టైమయింది గదా."

అల్లుడికి కాబోలు అనుకున్నాడతను. సూసన్ మాత్రం తల తిప్పేసుకుంది.

"డాబామీద మిరపకాయలు ఎత్తుకొస్తా," అంటూ బేబి గంప పట్టుకుని మెట్లెక్కింది. కాసేపటికి దిగి వచ్చి, పెరటి గుమ్మంలో కూర్చుంది.

అప్పుడు వచ్చింది వాసన.

కుళ్ళిన కోడిగుడ్లమీద స్పిరిట్ పోసినట్టుంది. ముందు పెరట్లోకి వచ్చింది. తర్వాత మెల్లగా, ఇంటి దారి తెలిసిన మనిషిలాగా గుమ్మం దాటి లోపలికి వచ్చింది. శాంతికుమార్ గొంతు మండింది. పిల్ల దగ్గు ఆపడం సూసన్ వల్ల కావడం లేదు. అతను గబగబా ఫోన్ తీసి అంకె చూశాడు.

సున్నా.

ఊపిరి తియ్యలేకపోతున్నాడు. చేతిలో ఫోనేమో గాలి నిక్షేపంగా ఉందంటోంది. నిజంగా భయమేసిందతనికి.

"చూశారా సార్? నేను అబద్ధాలకోరునా?" సూసన్ ఏడుస్తోంది.

"ఫ్యాక్టరీలో కూర్చున్న చోటినుంచే మెషిన్‌ని ఏదో చేస్తున్నారు. ఇవాళ వాళ్ళ సంగతి తేలుస్తా!"

జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. వెనకే పిల్లనెత్తుకుని సూసన్. డాబామీద మిరపకాయలు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. ఒక్క కాయ కూడా ఎత్తలేదు. మూలనున్న స్తంభానికి మెషిన్ ఉంది. దాని సీలు చెక్కుచెదరలేదు. కానీ గాలి పీల్చే మూతికి ఎవరో పాలిథిన్ కవరు బిగించారు. దానిమీద ఖాకీ చొక్కా ఒకటి కప్పి, రెండు చేతులూ వెనక్కి తిప్పి ముడేశారు.

సూసన్ ఆ చొక్కా చూసి కొయ్యబారిపోయింది.

"మా నాన్నది సార్ ఇది!"

ముడి విప్పి, కవరు లాగేశాడు శాంతికుమార్. ఫోన్‌లో అంకె పైకి లేచింది. ఎరుపులోకి దూకింది. ఇంకా పైకే పోతోంది. ఫ్యాక్టరీ దొరికిపోయింది. అయినా అతనికి సంతోషం కలగలేదు. చొక్కా పట్టుకుని కిందికి దిగాడు.

బేబి పెరటి గుమ్మంలోనే ఉంది. కళ్ళు మూసుకుని, ఆ విషాన్ని గుండెలనిండా పీల్చుకుంటోంది. ఆమె ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది. పక్కన బకెట్లో వేణ్ణీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"ఎందుకు చేశావే అమ్మా? పిల్ల చచ్చిపోతందే!" సూసన్ అరిచింది.

"ఫ్యాక్టరీవాళ్ళు బెదిరించారా అమ్మా? నాతో చెప్పండి, నేనున్నా," అన్నాడు శాంతికుమార్.

బేబి కళ్ళు తెరిచి, తల అడ్డంగా ఊపింది. అతని చేతిలోని చొక్కా మెల్లగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మా ఆయన ఒంటి వాసన బాబూ. మీరు దీన్ని ఆపించేస్తే, రేపటినించి ఆయన ఇంటికి రాడు."