మానని అడుగులు

“గట్టు దిగకండి బాబూ. అవి రాళ్ళు కావు, ప్రాణమున్నవి.”

ఉప్పునీటి మడుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా కాపలా మనిషి గొంతు వినిపిస్తుంది. నీళ్ళలో రాళ్ళలా కనిపించే ఆ దిబ్బలు ఎలా పెరుగుతాయో చూడవచ్చినవాళ్ళకి ఆయన చిలకపలుకుల్లా అప్పజెబుతాడు. కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ ఒకచోట చేరతాయి. వెలుతురు కోసం పైకి పాకుతూ జిగురు వదులుతాయి. ఆ జిగురుకి ఇసుకరేణువులు అంటుకుంటాయి, సున్నం పేరుకుంటుంది, ఒక పొర అవుతుంది. దాని మీద మరో పొర. అలా బొటనవేలి మందం పెరగాలంటే ఒక మనిషి ఆయుష్షు పడుతుంది.

ఆ తర్వాత తిట్లు మొదలవుతాయి. గట్టు పక్కన మెత్తటి పొర మీద చిన్న పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి. ఇరవయ్యేళ్ళయినా పూడలేదు.

“ఎవరో పసిపిల్ల తొక్కేసింది. దానికేం తెలుసు? కన్నవాణ్ణనాలి. కళ్ళు నెత్తికెక్కి ఉంటాయి వెధవకి.”

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోతారు. పొద్దువాలేసరికి ఆయనా గట్టూ మిగులుతారు. ఒంటిగది, ఒక కంచం, ఒక కుర్చీ. మనిషి మాటకు మొహం వాచి ఉంటాడు. అయినా టౌనుకి బదిలీ చేస్తామంటే ప్రతిసారీ వద్దంటాడు. తిక్కమనిషని పైవాళ్ళు ఊరుకున్నారు.

ఆయనతో నాలుగు మాటలాడేది ఆ పొరల మీద పనిచేసే పరిశోధకురాలు ఒక్కతే. ఆమె వచ్చిందంటే ఆయన ప్రాణం లేచివస్తుంది. ఆ వేళ ఆమె పళ్ళెం నిండా పచ్చటి పొరముక్కలు పట్టుకొచ్చింది.

“బాబాయ్, వీటిని ల్యాబులో పెంచాను. మీరు తిట్టుకునే ఆ అడుగుల్లో అతికిస్తే చాలు, మెల్లగా కలిసిపోతాయి. మచ్చ కూడా మిగలదు.”

ఆయన మొహం పాలిపోయింది.

“వద్దులేమ్మా, ఉండనీ. నలుగురికీ చూపించి భయం చెప్పడానికి పనికొస్తున్నాయి.”

“దానికి బోర్డు పెడదాం. పర్మిషన్ కూడా వచ్చేసింది.”

“పోనీ చలికాలం వెళ్ళాక చూద్దాం.”

“అప్పటిదాకా ఇవి బతకవు బాబాయ్.”

“అయితే వేరేచోట వెయ్యమ్మా. మడుగంతా ఉందిగా.”

ఆమె గట్టు మీంచి చెక్క వాల్చి దిగబోయింది. ఆయన అడ్డంగా నిలబడ్డాడు. ఆమెకి ఎదురుచెప్పడం ఆయనకి ఇదే మొదలు. ఈ ఒక్క మనిషీ కోపగించి రావడం మానేస్తే ఏం కావాలన్న భయం ఉంది. అయినా కదల్లేదు.

ఆమెకి విసుగొచ్చింది.

“రోజూ తిట్టిపోస్తారు. తీరా మాన్పుతానంటే గొడవేంటి బాబాయ్?”

ఆయన చెక్క మీద కూలబడ్డాడు. ఆ గుర్తులవైపు వేలు చూపించాడు.

“సరిగ్గా చూడమ్మా, అవన్నీ నీళ్ళవైపు వెళ్ళినవే, మా పాప తిరిగొచ్చిన అడుగు ఒక్కటీ లేదు.”